పొగాకు గడిలో ‘లేదు’

నా ఉద్యోగమే అనుమానించడం. ఒకరు రాసిన సాఫ్ట్‌వేర్ బాగా పనిచేస్తుందని వాళ్లే చెబితే నమ్మకుండా, దాన్ని నాలుగు వైపుల నుంచీ పొడిచి చూసి, ఎక్కడ కూలుతుందో చూపించినందుకు నాకు జీతమిస్తారు. పదకొండేళ్ల నుంచి అదే పని. మొదట్లో ఈ గుణం ఆఫీసు వరకే ఉండేది. మెల్లగా ఇంట్లోకీ వచ్చింది. పాలవాడు పాలు పోస్తుంటే నేను గిన్నెను చూడను, అతని ముఖం చూస్తాను. పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఇంకేదో పని మీద వచ్చి ఉంటారని, ఆ మాట ఎప్పుడు బయటపెడతారా అని చివరిదాకా ఎదురుచూస్తాను. నా భార్య దీనికి ‘తనిఖీ’ అని పేరు పెట్టింది. చుట్టాల్లో కూడా ఆ పేరు పాకింది.

కంపెనీ ఇంటి నుంచే పని చేసుకోమన్నాక, హైదరాబాద్‌లో అద్దె ఎందుకని మేమిద్దరం మెట్‌పల్లిలో మా అవ్వ దగ్గరికి వచ్చేశాం. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. నేను ఇంటర్ చదివేటప్పుడే బాపు పోయాడు. అప్పుడూ ఇప్పుడూ అవ్వ చేసే పని ఒక్కటే, బీడీలు. ముందు గదిలో ఒక గోడకు నా బల్ల, దాని మీద రెండు తెరలు. ఎదుటి గోడకు ఆనుకొని అవ్వ, ఆమె ఒళ్లో చాట. చాటలో కత్తిరించిన తునికాకు, ఓ పక్క పొగాకు పొడి, దారపుండ. ఆకులో పొడి పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడిచి మూస్తే బీడీ. అవన్నీ కట్టలుగా కార్ఖానాకు పోతాయి. పీఎఫ్ ఖాతా మా ఇంట్లో నాకంటే ముందు అవ్వకే ఉంది. నా మొదటి జీతంలో కోత చూసి ఎవరో నా డబ్బు కాజేస్తున్నారని నేను గోల పెడితే, అది ఎక్కడికీ పోదని, ముసలితనంలో తిరిగి వస్తుందని నాకు విడమరచి చెప్పింది ఆమే.

మా మీటింగుల్లో చాలావరకు మైకు మూసుకొని వినేవే. చెవులకు పని, చేతులకు లేదు. అందుకని చెవుల్లో ఇయర్‌ఫోన్లతోనే వెళ్లి అవ్వ పక్కన కూర్చుని, ఆమె చుట్టి పెట్టిన బీడీలకు కొసలు మడిచేవాణ్ని. చిన్నప్పుడు నేర్చుకున్న పనే. ఏడాది నుంచి అవ్వకు కుడి మణికట్టు నొప్పి పెడుతుండటంతో అది రోజుకు రెండు గంటల దాకా పెరిగింది. మీటింగుల్లో నేను ఎంతో శ్రద్ధగా వింటానని బెంగళూరులో ఉండే మా మేనేజరు నలుగురిలో మెచ్చుకున్నాడు కూడా. నా ఒళ్లో చాట ఉందని ఆయనకు తెలియదు.

ఒకరోజు పొద్దున మా జట్టులో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఒకతను మీటింగుకు రాలేదు. ల్యాప్‌టాప్ తెరిస్తే లోపలికి రానివ్వలేదట, ఉద్యోగం తీసేశారట. అప్పటికి వాళ్ల నాన్న కంపెనీ బీమా మీద ఆస్పత్రిలో ఉన్నాడు. ఉద్యోగంతో పాటే ఆ బీమా కూడా పోతుందని అతనికి ఆ రోజే తెలిసింది. ఆ మాట చెప్పడానికే నాకు ఫోన్ చేశాడు. నా భార్యకు అప్పుడు ఐదో నెల. పక్కనే కూర్చుని అంతా విన్నది. నేను ఫోన్ పెట్టేశాక ఒక్క మాటే అన్నది.

“లోకంల అందరి మీద నీకు అనుమానమే. నీ కంపెనీ మీద మాత్రం లేదు.”

నిజమే. బ్యాంకును అనుమానించాను, చిట్టీలను అనుమానించాను, వెంచర్లో ప్లాట్ కొనమని వెంటపడిన మా బావను ఊరి చివరిదాకా సాగనంపాను. కంపెనీ ఏటా నాకిచ్చే షేర్లను మాత్రం ఒక్కటీ అమ్మకుండా దాచుకున్నాను. వాటిని అమ్మితే అన్నం పెట్టే చేతిని తోసేసినట్టు అనిపించేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

డబ్బు విషయంలో సలహా చెప్పే ఒకాయనను నా భార్యే వెతికి పట్టుకుంది. హైదరాబాద్ మనిషి, ఒకప్పుడు ఆయనా సాఫ్ట్‌వేరే. వీడియో కాల్‌లో మాట్లాడతాడు, ఫీజు తీసుకుంటాడు, ఏ పాలసీ అమ్మడు. ఏమీ అమ్మనివాడు మరి ఏం గిట్టుబాటు చూసుకుంటున్నట్టు? నేను ఆయన రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూసి, మళ్లీ దాని గడువు తేదీ అడిగాను. మీ సొంత డబ్బు ఎక్కడ పెట్టారని అడిగాను. ఆయన ఓపికగా అన్నీ చూపించాడు. ఆ ఓపిక మీద కూడా నాకు అనుమానం వచ్చింది.

ఆయన చెప్పింది చాలా మామూలుగా ఉంది. జీతం, షేర్లు, ఆరోగ్య బీమా, ప్రాణ బీమా, అన్నీ ఒకే కంపెనీవి. ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఒకే మేకుకు తగిలించారు, ఆ మేకు ఊడితే అన్నీ కింద పడతాయి, అన్నాడు. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంచమన్నాడు. షేర్లు చేతికి వచ్చినవి వచ్చినట్టు అమ్మి వేరేచోట పెట్టమన్నాడు. అన్నిటికంటే ముందు, ఉద్యోగంతో సంబంధం లేకుండా నా సొంత పేరు మీద టర్మ్ పాలసీ తీసుకోమన్నాడు. నాకేమైనా అయితే నా భార్యకూ పుట్టబోయే బిడ్డకూ ఆసరా. మూడు రాత్రులు ఆలోచించినా అందులో తప్పు దొరకలేదు. సరేనన్నాను.

దరఖాస్తులో పొగాకు గురించి ఒక ప్రశ్న ఉంది. వాడతారా, లేదా. ‘లేదు’ అని రాశాను. ఆ మాట రాయడానికి నాకు ఒక హక్కుంది. పెళ్లికి ముందు నేను రోజుకో డబ్బా సిగరెట్లు తాగేవాణ్ని. నా భార్యది భైంసా, వాళ్ల బాపు పత్తి వ్యాపారం చేసేవాడు, సిగరెట్ల వల్లనే ఊపిరితిత్తులు చెడి, యాభై నిండకుండానే పోయాడు. పెళ్లిచూపుల్లో ఆమె నా జీతం అడగలేదు, ఇల్లు అడగలేదు. సిగరెట్ మానేస్తే పెళ్లికి ఒప్పుకుంటానని అందరి ముందూ చెప్పింది. మాటిచ్చాను. ఆ వారంలోనే మానేశాను. ఆరేళ్లలో ఒక్కటి కూడా ముట్టలేదు. నా జీవితంలో నేను గర్వపడే పనులు తక్కువ, అందులో ఇది మొదటిది.

పరీక్షల కోసం ల్యాబ్ మనిషి ఇంటికే వచ్చి రక్తం, మూత్రం తీసుకుపోయాడు. పది రోజులకు మెయిల్ వచ్చింది. మూత్రంలో పొగాకు తాలూకు జాడ ఉన్నదట. వాడట్లేదని రాసి, వాడుతున్నట్టు తేలినందున దరఖాస్తును ఆపారట, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే తిరస్కరిస్తారట. మేమిద్దరం కలిసి వాడుకునే మెయిల్‌కే అది వచ్చింది. నాకంటే ముందు నా భార్య చదివింది. ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది.

“గిదేంది?”

తప్పుగా వచ్చిందన్నాను. ల్యాబుల మాట నమ్మవద్దన్నాను. నా గొంతు అవసరానికి మించి లేచింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉందని నాకే అనిపించింది. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని మెల్లగా అని, ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో తనిఖీ నా మీద మొదలైంది. బట్టలు ఉతకడానికి వేసేముందు ఆమె నా చొక్కా ముక్కు దగ్గర పెట్టుకునేది. దానివల్ల తేలేది ఏమీ లేదు. మా ఇంట్లో పరుపులకు, తువాళ్లకు, గోడలకు కూడా పొగాకు వాసనే. కడుపుతో ఉన్న ఆమెకు ఆ వాసన పడక వెనక గదిలోనే ఉండేది. నేను సందు చివర దుకాణానికి వెళితే వాకిట్లో నిలబడి నేను తిరిగి వచ్చేదాకా చూసేది. బయటి నుంచి వచ్చిన వెంటనే నేను నీళ్లు పుక్కిలించినా తప్పే, పుక్కిలించకపోయినా తప్పే. ఎవరూ నమ్మని మనిషిగా సొంత ఇంట్లో తిరగడం ఎలా ఉంటుందో నాకు మొదటిసారి తెలిసింది. చాలా బాధగా ఉండేది. కోపం కూడా వచ్చేది.

అవ్వ కూడా ఊరుకోలేదు. వేములవాడ రాజన్న మీద ఒట్టేసి చెప్పమన్నది. ఒట్టేశాను. నమ్మినట్టే తల ఊపింది. మర్నాడు నేను చూస్తుండగానే కట్టలు విప్పి బీడీలు లెక్కపెట్టింది. నేను దొంగతనంగా ఆమె బీడీలు తాగుతున్నానేమోనని. ఒక్కటీ తగ్గలేదు. మళ్లీ కట్టలు కట్టుకుంటూ నా వైపు చూడలేదు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? అందరినీ అనుమానించాను. ల్యాబ్ మనిషి సంచిలో ఇంకో సీసా కూడా ఉంది, మారిపోయి ఉంటుంది. పొగ తాగేవాళ్లకు ప్రీమియం ఎక్కువ, కాబట్టి బీమా కంపెనీ కావాలనే చేసి ఉంటుంది. అమ్మేది ఏమీ లేదన్న సలహాదారుకు లోపల ఏదో వాటా ఉండే ఉంటుంది. అసలు మెయిల్ వచ్చిన ఐదు నిమిషాల్లోనే నా భార్య ఎందుకు చూసింది, ముందే ఏదో అనుకొని ఎదురుచూస్తున్నదా? ఆఖరికి భార్యను కూడా ఆ జాబితాలో చేర్చాను. సలహాదారుకు ఏడు ప్రశ్నలతో ఉత్తరం రాశాను. ఇంకో ల్యాబ్‌లో మళ్లీ పరీక్ష చేయించుకోమని, ఆ కాగితం బీమా కంపెనీకి తాను పంపుతానని ఆయన ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు.

ఈలోపు నా భార్య తల్లిగారింటికి బయలుదేరింది. సీమంతానికి ఇంకా మూడు వారాలుంది. అవ్వ ముందు మాత్రం వాళ్ల ఆయికి ఒంట్లో బాగాలేదని చెప్పింది. భైంసాలో అమ్మను ఆయి అనే ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్లదీ ఒకటి. బాగాలేనిది ఏమీ లేదని నాకు తెలుసు, ముందురోజే ఫోన్ చేసి కనుక్కున్నాను. బస్టాండ్‌లో సంచి అందుకుంటూ ఆమె చెప్పింది.

“సిగరెట్ తాగినవని గాదు నా పరేషాన్. ఆరేండ్ల సంది నా మొకం చూసుకుంటనే అబద్ధమాడుతున్నవేమో అని. అది నిజమైతె నీ పాలసీ నాకెందుకు?”

బస్సు నిర్మల్ వైపు పోయింది. పాలసీ సంగతి అక్కడితో నాకు చిన్నదైపోయింది. ఆమె తిరిగి వస్తుందా, వచ్చినా నన్ను మునుపటిలా చూస్తుందా అన్నదే నాకు మిగిలింది.

మర్నాడు సెలవు పెట్టి కరీంనగర్ వెళ్లాను. మళ్లీ పరీక్ష కోసమని అవ్వకు మాత్రం చెప్పి, ఏ బీమా కంపెనీతోనూ సంబంధం లేని ల్యాబ్ ఎంచుకున్నాను. సీసా మీద పేరు నేనే రాశాను, ఫోటో తీసుకున్నాను, దాన్ని లోపలికి తీసుకుపోయేదాకా కౌంటర్ దగ్గరే నిలబడ్డాను. నాలాంటివాళ్లను చాలామందిని చూసినట్టు కౌంటర్లో ఉన్నామె రసీదు నా చేతికిచ్చింది. రెండు రోజుల తర్వాత కాగితం తీసుకోవడానికి మళ్లీ వెళ్లాను. అందులోనూ ఉంది. అదే జాడ, ఉండాల్సిన గీటు దాటి.

మెట్ల మీద కూర్చుండిపోయాను. ల్యాబ్ తప్పు కాదు, సలహాదారు తప్పు కాదు. అనుమానించడానికి ఇంక నేనొక్కణ్నే మిగిలాను. నిద్రలో లేచి తాగుతున్నానా? మతిమరుపు వచ్చిందా? నవ్వుకుంటారేమో గానీ ఆ మెట్ల మీద నేను నిజంగానే ఇవన్నీ అనుకున్నాను.

పై అంతస్తులో ఊపిరితిత్తుల డాక్టర్ ఉంటే వెళ్లాను. తెల్లగడ్డం పెద్దాయన, ఉర్దూ కలిసిన తెలుగు. కాగితం చూశాడు. నేను చెప్పిందంతా విన్నాడు. వింటూ వింటూ నా చేతుల వైపు చూశాడు.

“జర చేతులు చూపెట్టు,” అన్నాడు.

చూపించాను. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొసలు గోధుమరంగులో ఉన్నాయి. నా వేళ్లు ఎప్పుడూ అలాగే ఉంటాయి కాబట్టి నేనెప్పుడూ వాటిని చూడలేదు.

“ఇంట్ల ఎవలన్న బీడీలు చేస్తరా?”

మా అవ్వ చేస్తుందన్నాను. నేను కూడా రోజూ కాసేపు చెయ్యి వేస్తానన్నాను. రెండు గంటలని లెక్క చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. పొగాకు తాగితేనే ఒంట్లోకి పోతుందనుకోవద్దని, చర్మంలోంచి కూడా ఇంకుతుందని, దాని దుమ్ము ఊపిరితో పోతుందని చెప్పాడు. కడుపుతో ఉన్న మనిషి ఆ గదికి దూరంగా ఉండటం మంచిదైందన్నాడు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు, నేను ఒళ్లో చాట పెట్టుకొని హైదరాబాద్ దాకా దొంగ కోసం వెతికాను. ఆయన ఆ సంగతంతా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మెట్లు రెండేసి దిగాను. ఆటోవాడు ఎంత అడిగితే అంత ఇచ్చాను. అది నా జీవితంలో ఎప్పుడూ జరగలేదు. బస్టాండ్‌లో నిలబడే ఆ కాగితం ఫోటో తీసి నా భార్యకు పంపి, ఫోన్ చేశాను. ఆఫీసులో తప్పు ఎక్కడుందో కనిపెట్టినప్పుడు చెప్పినట్టే, మొదటి నుంచి వరసగా, ఏదీ వదలకుండా చెప్పాను. చూశావా, నేను అబద్ధమాడలేదు, అన్నాను. ఆమె ఏడ్చింది. తనను మాఫ్ చేయమన్నది. నేను గెలిచినట్టుగా నవ్వాను. ఆమె ఆ కాగితాన్ని మొదటి నుంచి మళ్లీ పైకి చదివింది.

“రెండు గంటలు ముట్టుకున్న నీకే గంత ఉంటె,” అన్నది, “పొద్దంత అదే పని చేసే అత్తమ్మకు ఎంతుంటది?”

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. బస్సు వచ్చింది, ఎక్కాను.

జగిత్యాల దాటేదాకా నేను కిటికీలోంచి బయటికి చూడలేదు. తెల్లవారుజామున అవ్వ దగ్గుతుంది. ఏళ్లుగా ఆ దగ్గు విని నేను నిద్ర లేస్తున్నాను, పాలవాడు వచ్చే వేళ అయిందనుకుంటున్నాను. ఏటా మా కంపెనీ ఒక ఫారం పంపుతుంది, తల్లిదండ్రులను కూడా ఆరోగ్య బీమాలో చేర్చుకుంటారా అని. దానికి జీతంలోంచి కోత ఉంటుంది. ఆ కోత ఎక్కువగా ఉందని, ఇందులో ఏదో మోసం ఉందని, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎందుకని, ప్రతి ఏడూ ఆ గడిని ఖాళీగా వదిలేశాను. సలహాదారు మొదటి రోజే మీ అమ్మగారి సంగతేమిటని అడిగాడు. ఆమెకు పీఎఫ్ ఉంది, పింఛన్ వస్తుంది, ఫికర్ లేదని నేనే ఆ మాట దాటించాను. ఆ మాటలు చెప్పిన నా గొంతు బస్సులో నాకే వినిపించింది. నా మీద నాకు అసహ్యం వేసింది.

జరిగినవి జరిగినట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. డాక్టర్ కాగితం పంపాక, నేను రెండు నెలలు చాట ముట్టకుండా ఉండి మళ్లీ పరీక్ష చేయించుకున్నాక, పాలసీ ఇచ్చారు. సీమంతం అయిన మర్నాడే నా భార్య మెట్‌పల్లికి వచ్చేసింది, కాన్పు దాకా అక్కడే ఉండమన్నా ఉండలేదు. చాట వెనక వాకిట్లో వేసిన రేకుల కిందికి పోయింది. కంపెనీ షేర్లు కూడా అమ్మేశాను. ఇవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అవ్వ పని చేసుకుంటూనే ఉంది. ఏమన్నారని అడిగింది. నేను చెప్పాను. ఆమె నా రెండు చేతులూ లాక్కొని వేళ్లు తిప్పి తిప్పి చూసింది. తన వేళ్ల వైపు చూసుకోలేదు. అవి నా వేళ్ల కంటే ఎంతో నల్లగా ఉన్నాయి. నేను అక్కడే కూర్చుంటే చాట అటు జరుపుకొని, ఇక దీన్ని ముట్టవద్దన్నది. నా పాలసీ చెడిపోయిందా, అది ముందు చెప్పమన్నది.

నువ్వు కూడా కరీంనగర్ రావాలి, ఊపిరితిత్తులకు పరీక్షలు చేయిద్దాం అన్నాను.

“నాకెందుకు బిడ్డా పరీక్ష? గీ పని చేసేటోళ్లకు పాలసీ ఎవలిస్తరు?”

పాలసీ కోసం కాదని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. పరీక్ష చేసేది పాలసీ కోసమే కదా అన్నట్టు నన్ను చూసింది. మళ్లీ నేనేదో అనబోతే తనే చెప్పింది. మామూలుగా, కార్ఖానా సంగతులు చెప్పినట్టే చెప్పింది.

“మీ బాపు పోయినంక నేను ఒక్కపారి అడిగిన. నాకేమన్న అయితె నీ సదువు ఆగిపోతదని. గా ఏజెంటు గిక్కడనే కూసున్నడు. పేరు రాసుకున్నడు, వయసు రాసుకున్నడు. ఏం పని చేస్తవమ్మా అన్నడు. చెప్పిన. కాయితం మలిచి సంచిల పెట్టుకొని, మళ్ల వస్త అని పోయిండు. రాలే.”

ఆ మాటకు ఇరవై ఏళ్లు దాటింది. అన్నేళ్లలో నేను లోకంలో ప్రతివాణ్నీ ప్రశ్నలడిగాను, ఎదుటే కూర్చుని కూడా ఆమెను ఒక్కటీ అడగలేదు.